వరుసగా ఏడు ఓటములు: ఫుల్టన్ పనితీరును ఏ కొలతతో కొలవాలి?

కంకర_గ్రౌండ్ | 23 జూన్ 2025
నిన్న ఆంట్వెర్ప్‌లో బెల్జియంను 4-3తో ఓడించడంతో మన పురుషుల హాకీ జట్టుకు ప్రో లీగ్ (అగ్ర దేశాల జట్లు ఆడే అంతర్జాతీయ లీగ్) సీజన్ ముగిసింది. ఆ గెలుపుతో కాస్త ఊపిరి పీల్చుకున్నాను కానీ సంతోషించలేకపోయాను. ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో ఎనిమిది ఆటలు ఆడి 15 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచిన జట్టు, ఈ నెలలో యూరప్‌లో మరో ఎనిమిది ఆటలు ఆడి మూడే పాయింట్లు తెచ్చుకుంది. తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానంలో మిగిలాం. మన కింద ఉన్న ఐర్లాండ్ ఒక్కటే కింది స్థాయి పోటీ అయిన నేషన్స్ కప్‌కు దిగిపోయింది. పది నెలల క్రితం పారిస్‌లో కాంస్యం గెలిచిన జట్టేనా ఇది అని ఇంట్లోవాళ్లు అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

నేను కోచ్ క్రెయిగ్ ఫుల్టన్‌ను తీసేయమని అనడం లేదు. అయితే డిఫెన్స్ బాగుంటేనే గెలుపు వస్తుందని మొదటి రోజు నుంచి చెబుతూ వచ్చిన కోచ్ జట్టు ఎనిమిది ఆటల్లో 26 గోల్స్ ఇచ్చుకుంటే, ఆ మాటను ఆయన ముందే పెట్టి లెక్క అడగాలా వద్దా? ఆయన పనితీరును మీరైతే దేనితో కొలుస్తారు?

సీమ_స్టిక్
అడగాలి. ఏడు ఆటలు వరుసగా ఓడిన తరువాత కూడా అడగకపోతే మరెప్పుడు అడుగుతాం?

లెక్కల_శారద
కంకర_గ్రౌండ్ గారు ఇచ్చిన 26 అనే అంకె సరైనదే. దాని పక్కన మనం వేసిన 18 గోల్స్ కూడా పెట్టండి. నెదర్లాండ్స్‌తో 1-2, 2-3. అర్జెంటీనాతో 3-4, 1-2. ఆస్ట్రేలియాతో రెండుసార్లూ 2-3. బెల్జియంతో 3-6, ఆ తరువాత 4-3 గెలుపు. ఏడు ఓటముల్లో ఆరు ఒక్క గోల్ తేడాతో వచ్చినవే. ఆ ఆరు ఆటల్లో మనం 11 గోల్స్ వేసి 17 ఇచ్చాం.

ఒక్క గోల్ తేడా కాబట్టి దురదృష్టం అనేయడం తేలిక. ఒకటి రెండుసార్లు జరిగితే దాన్ని దురదృష్టం అంటాను. ఆరుసార్లు జరిగితే, ఆట బిగిసిన చోట మన జట్టు ఏదో ఒకే పనిని పదేపదే తప్పుగా చేస్తోందని అర్థం. కోచ్‌ను అడగవలసిన ప్రశ్న అక్కడ ఉంది, పట్టికలోని ఎనిమిదో స్థానంలో లేదు.

లాలాగూడ_రైట్‌హాఫ్
శారద గారు చెప్పిన ఆ ‘ఒకే పని’ గురించి నాకు తోచింది రాస్తాను. రైల్వే మైదానాల్లో పదకొండేళ్లు రైట్ హాఫ్‌గా ఆడినవాడిని కాబట్టి కాళ్ల అలసట గురించి కాస్త తెలుసు.

తేదీలు చూడండి. జూన్ 7, 9, 11, 12, 14, 15. తొమ్మిది రోజుల్లో ఆరు ఆటలు. మధ్యలో ఆమ్‌స్టెల్‌వీన్ నుంచి ఆంట్వెర్ప్‌కు ప్రయాణం. ఒక్కో ఆట పదిహేను నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. రోలింగ్ సబ్‌స్టిట్యూషన్ (ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చుకునే వీలు) ఉంది కాబట్టి ఎవరూ గంటసేపు ఏకధాటిగా పరిగెత్తరన్నది నిజమే. కానీ మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాడు మైదానంలో ఉన్నంతసేపూ పూర్తి వేగంతోనే ఉండాలి. మూడో ఆట దాటిన తరువాత కాలు ముందుకు పోతుంది కానీ వెనక్కి రాదు. బంతి పోగొట్టుకున్నాక తిరిగి వచ్చి నిలబడవలసిన చోటుకు రెండడుగులు ఆలస్యంగా చేరతాం. ఆ రెండడుగుల్లోనే ఎదుటివాడు డీలోకి (గోల్ ముందున్న అర్ధవృత్తంలోకి) దిగి మన కాలికి బంతి తగిలించి పెనాల్టీ కార్నర్ తీసుకుంటాడు.

మొదటి ఆటలోనే ఇది మొదలైంది. కెప్టెన్ హర్మన్‌ప్రీత్ గోల్‌తో ముందున్నాం, నెదర్లాండ్స్ ఆటగాడు వాన్ డామ్ సమం చేశాడు, 58వ నిమిషంలో మళ్లీ అతడే వేసి గెలిపించాడు. ఇంకో రెండు నిమిషాలు నిలిచి ఉంటే షూటౌట్ దక్కేది, కనీసం ఒక పాయింటు చేతికి వచ్చేది. షెడ్యూలు వేసింది కోచ్ కాదు. ఆ షెడ్యూలులో కాళ్లను ఎలా పొదుపు చేయాలో నిర్ణయించేది మాత్రం ఆయనే. ఆయనకు మార్కులు వేయాల్సి వస్తే నేను చివరి క్వార్టర్‌లో సబ్‌స్టిట్యూషన్లు చూసి వేస్తాను.

సీమ_స్టిక్
రైట్‌హాఫ్ గారూ, అర్జెంటీనా వాళ్లు సముద్రాలు దాటి వచ్చారు, ఆస్ట్రేలియా వాళ్లు అంతకన్నా దూరం నుంచి వచ్చారు. వాళ్లవీ కాళ్లే కదా. ఆ రెండు జట్లతో నాలుగు ఆటలు ఆడి నాలుగూ ఓడాం. అలసట వాదన నెదర్లాండ్స్, బెల్జియం విషయంలో ఒప్పుకుంటాను, మిగతా చోట ఒప్పుకోను.

లాలాగూడ_రైట్‌హాఫ్
మీరన్నది న్యాయమే. అందుకే తప్పు షెడ్యూలుదని అనలేదు, పొదుపుదని అన్నాను.

ఆంట్వెర్ప్_నుంచి
ఉద్యోగరీత్యా ఇక్కడే ఉంటున్నాను. ఆస్ట్రేలియాతో రెండు ఆటలూ, బెల్జియంతో రెండు ఆటలూ గ్యాలరీలో కూర్చుని చూశాను. టీవీలో బంతి ఉన్న చోటే కనిపిస్తుంది కాబట్టి, బంతి లేని చోట నేను చూసినది చెబుతాను.

మన ముందు వరుస ఎదుటివాళ్లు వెనకనుంచి బంతిని బయటికి తెచ్చే దారిని (అవుట్‌లెట్‌ను) అడ్డుకోవడానికి పైకి వెళ్లినప్పుడల్లా వెనక వరుస దానితో పాటు పైకి జరగలేదు. మధ్యలో పెద్ద ఖాళీ ఏర్పడింది. ఆస్ట్రేలియా వాళ్లు ఒక్క పొడవాటి పాస్‌తో, లేదంటే గాలిలో లేపిన బంతితో ఆ ఖాళీలోకి వచ్చేశారు. ముందువాళ్లు ప్రెస్ చేస్తుంటే (మీదికెళ్లి ఒత్తిడి పెడుతుంటే) వెనకవాళ్లు కాపలాకు నిలబడటం, అంటే ఒకే జట్టు రెండు ఆలోచనలతో ఆడటం, నాకు అలసటకన్నా ఎక్కువగా కనిపించింది. మొదటి ఏడాది ఫుల్టన్ నేర్పినది దిగువన బిగువుగా నిలబడే ఆట. ఇప్పుడు పైనుంచి ప్రెస్ చేసే ఆటకు మారుతున్నట్టు నాకనిపించింది. మార్పు సగంలో ఉన్నప్పుడు గోల్స్ పడతాయి. అది తప్పో, కావాలని భరించిన నష్టమో వచ్చే రెండు మూడు నెలల్లో తెలుస్తుంది.

ఇంకొక మాట. ఆస్ట్రేలియాతో రెండో ఆట ముగిశాక మన కుర్రాళ్లు గ్యాలరీ వైపు వచ్చి చప్పట్లు కొట్టారు. నా కొడుక్కి ఎనిమిదేళ్లు. రెయిలింగ్ మీంచి చెయ్యి చాపితే ఒక ఆటగాడు ఏమీ మాట్లాడకుండా వాడి చేతిలో చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. చెమటతో తడిసి ముద్దయిన గ్లవ్ అది. కోచ్ మాట వినని జట్టు, చెదిరిపోయిన జట్టు అలా కలిసికట్టుగా రాదని నా నమ్మకం.

తూఫాన్స్_అభిమాని
ఆంట్వెర్ప్ గారి పరిశీలన చాలా విలువైనది. పెనాల్టీ కార్నర్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. హర్మన్‌ప్రీత్ వేలి గాయంతో మధ్యలో ఆగిపోతే మన కార్నర్లన్నీ మొద్దుబారినట్టు అనిపించింది. పారిస్‌లో పది గోల్స్ వేసినవాడు లేకపోతే రెండో మనిషి ఎవరు? మొన్న ఫిబ్రవరి 1న రూర్కెలాలో హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో మన హైదరాబాద్ తూఫాన్స్ మీద హ్యాట్రిక్ కొట్టి 4-3తో కప్పు పట్టుకుపోయింది జుగ్‌రాజ్ సింగే. అప్పుడు ఏడ్చినంత పనైంది నాకు. అంత బలంగా ఫ్లిక్ చేసే మనిషి భారత జెర్సీలో ఎందుకు అలా కనిపించడం లేదు?

డ్రిల్‌మాస్టారు
తూఫాన్స్ గారికి సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను. జిల్లా పరిషత్ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పిల్లలకు కార్నర్ నేర్పిస్తూ ముప్పై ఏళ్లు గడిపాను.

కార్నర్‌ను అందరూ ఫ్లిక్ చేసేవాడి గొప్పతనంగా చూస్తారు. నిజానికి అది ముగ్గురి పని. ఒకడు గోల్ స్తంభానికి పది మీటర్ల దూరంలో వెనక గీత మీద నిలబడి బంతిని తోస్తాడు. రెండోవాడు డీ గీతకు అవతల ఆ బంతిని స్టిక్‌తో ఆపుతాడు. మూడోవాడు అడుగు కలిపి, బంతిని స్టిక్ మెడలో పట్టి ఈడ్చి విసురుతాడు, అదే ఫ్లిక్. అటు గోల్ గీత వెనక నుంచి గోలీతో కలిపి అయిదుగురు బయలుదేరతారు. వాళ్లలో మొదట దూసుకొచ్చేవాడు, అంటే రషర్, నేరుగా ఫ్లిక్కర్ కాళ్ల మీదికే వస్తాడు. తోసిన బంతి ఒక జానెడు పక్కకు వచ్చిందనుకోండి, ఆపేవాడు స్టిక్ తిప్పి సర్దుకుంటాడు, ఫ్లిక్కర్ అడుగు తప్పుతుంది, ఆ రెప్పపాటులో రషర్ వచ్చేస్తాడు. మా మైదానంలో నేలకు సుద్దతో చిన్న గడి గీసి, బంతి ఆ గడిలోనే ఆగాలని రోజూ యాభైసార్లు తోయిస్తాను. ఫ్లిక్ నేర్పడానికి పట్టిన కాలానికి రెండింతలు ఈ తోయడానికీ ఆపడానికీ పడుతుంది.

క్లబ్బులో జుగ్‌రాజ్‌కు తోసేవాడు వేరు, ఆపేవాడు వేరు. జాతీయ జట్టులో ఆ ముగ్గురి పొత్తు హర్మన్‌ప్రీత్ అడుగుకు అమరి ఉంటుంది. నాయకుడు లేని రోజున రెండో ఫ్లిక్కర్‌కూ అదే పొత్తు సిద్ధంగా ఉండాలంటే శిక్షణ శిబిరంలో అతడికి అన్నే గంటలు ఇవ్వాలి. అది అచ్చంగా కోచ్ పని. ఫుల్టన్ మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే, కానీ ఇది చిన్న ఫిర్యాదు కాదు.

తూఫాన్స్_అభిమాని
ఇంత వివరంగా నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు మాస్టారూ. ఇక మీదట కార్నర్ పడినప్పుడు ఆ ఆపేవాడినే చూస్తాను.

గోలీ_మనసు
26 గోల్స్ గురించి మాట్లాడుతూ మన పాత గోలీ శ్రీజేష్ పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. పారిస్ తరువాత ఆయన ప్యాడ్లు విప్పేశాడు. పారిస్‌లో గ్రేట్ బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్ గుర్తు చేసుకోండి. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు చూపించారు. మిగిలిన నలభై నిమిషాల పైచిలుకు పదిమందితో నిలబడి 1-1తో ముగించి, షూటౌట్‌లో 4-2తో గెలిచాం. ఆ రోజు అందరూ కోచ్ డిఫెన్స్ పద్ధతిని మెచ్చుకున్నారు. ఆ పద్ధతికి వెనక నిలబడి అరుస్తూ ఒక్కొక్కడిని చోటు సర్దినవాడు శ్రీజేష్. గోలీ ఆపిన బంతులే అందరికీ గుర్తుంటాయి. నేను గోలీగా ఆడాను కనుక చెబుతున్నాను, సగం పని నోటితోనే జరుగుతుంది. పాఠక్, కర్కేరా ఇద్దరూ మంచి గోలీలు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఒక ఆట ఒకరు, ఒక ఆట ఇంకొకరు నిలబడుతుంటే వెనక వరుసకు ఆ గొంతు అలవాటయ్యేది ఎప్పుడు?

అందుచేత ఈ సీజన్‌ను పారిస్‌తో పోల్చి కోచ్‌కు మార్కులు తగ్గించడం నాకు సమ్మతం కాదు. మెరుగైన గోలీని ఎవరూ తెచ్చివ్వలేరు, తయారు చేసుకోవాల్సిందే.

సీమ_స్టిక్
ఆయన రిటైర్ అవుతాడని పారిస్‌కు ముందే అందరికీ తెలుసు గోలీ గారూ. పది నెలలు గడిచాయి. తయారు చేయడం మొదలుపెట్టవలసింది ఎప్పుడు?

గోలీ_మనసు
ఆ ప్రశ్న సరైనదే. నా దగ్గర పూర్తి సమాధానం లేదు.

పాత_స్కోర్‌బుక్
తీసేయాలా వద్దా అన్న చర్చకు ముందు మన చరిత్ర ఒకసారి చూడటం మంచిది. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో పదహారేళ్ల తరువాత బంగారం తెచ్చిన టెర్రీ వాల్ష్ కొద్ది వారాలకే వెళ్లిపోయాడు. తరువాత వచ్చిన పాల్ వాన్ ఆస్ 2015లో ఏడాది కూడా నిండకుండా పోయాడు. రోలాంట్ ఓల్ట్‌మన్స్‌ను 2017 సెప్టెంబర్‌లో తప్పించారు. ష్యోర్డ్ మరైన్‌ను 2018లో మహిళల జట్టుకు పంపారు. హరేంద్ర సింగ్‌కు పురుషుల జట్టు ఇచ్చి, సొంతగడ్డ మీద ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 1-2తో ఓడిన తరువాత 2019 జనవరిలో పక్కన పెట్టారు. నాలుగేళ్ల పైచిలుకులో అయిదుగురు కోచ్‌లు! ఇలా పక్కకు పంపిన మరైనే టోక్యోలో మన అమ్మాయిలను నాలుగో స్థానానికి చేర్చాడు.

గ్రాహమ్ రీడ్‌కు 2019 నుంచి దాదాపు నాలుగేళ్లు ఇచ్చారు. 41 ఏళ్ల తరువాత ఒలింపిక్ పతకం వచ్చింది. ఓపిక పడితే ఏమి వస్తుందో చూశాక కూడా మళ్లీ పాత దారి పడతామా?

కంకర_గ్రౌండ్
స్కోర్‌బుక్ గారూ, రీడ్ కథ చివరి భాగం కూడా చెప్పాలి కదా. 2023 ప్రపంచకప్ మన ఒడిశాలోనే జరిగింది. ఇంగ్లండ్‌తో 0-0, గోల్స్ తేడాలో గ్రూపులో రెండో స్థానం, మిడ్‌ఫీల్డర్ హార్దిక్‌కు గాయం. క్వార్టర్ ఫైనల్‌కు ముందు ఆడే క్రాస్ఓవర్‌లో న్యూజీలాండ్ మీద 3-1 ఆధిక్యంలో ఉండి 3-3 చేసుకుని షూటౌట్‌లో పోయాం. చివరికి తొమ్మిదో స్థానం పంచుకున్నాం, ఆ వెంటనే ఆయన రాజీనామా చేశాడు. ఆధిక్యంలో ఉండి జారవిడవడం అన్నది అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కోచ్ మారాడు, ఆ జబ్బు పోలేదు. ఓపిక పట్టాలంటే ఆ జబ్బుకు మందు వేస్తున్నట్టు కనపడాలి.

లెక్కల_శారద
కోచ్ మారినా ఆ జబ్బు అలాగే ఉందంటే, ఆ జబ్బు కోచ్ ఒక్కడిది కాదని మీరే చెబుతున్నారు.

కంకర_గ్రౌండ్
అలా కూడా చదవవచ్చు. ఆ కోణంలో నేను ఆలోచించలేదు.

చిత్తూరు_ఆడపడుచు
అందరూ పురుషుల జట్టు ఎనిమిదో స్థానానికే ఇంత బాధపడుతున్నారు. మన మహిళల జట్టు ఇదే లీగ్‌లో పదహారు ఆటలకు పది పాయింట్లతో చిట్టచివరన నిలిచి నేషన్స్ కప్‌కు దిగిపోయింది. మా జిల్లా నుంచి వెళ్లి భారత గోల్ కాచిన రజనిని చూసి స్టిక్ పట్టుకున్న అమ్మాయిలు ఇక్కడ ఉన్నారు. వచ్చే ఏడాది వాళ్లు తమ జట్టును నెదర్లాండ్స్‌తో, అర్జెంటీనాతో లీగ్‌లో చూడలేరు. పురుషుల కోచ్‌ను కొలిచే కొలతలోనే మహిళల కోచ్‌నూ కొలవమని నా విన్నపం. ఇద్దరిలో ఎవరికి ఎన్ని గంటల శిబిరం దొరికింది, ఎంతమంది సహాయక సిబ్బంది ఉన్నారు అన్నది కూడా చూడాలి.

పాత_స్కోర్‌బుక్
మీరు అడిగినది పూర్తిగా న్యాయం. దానికి ప్రత్యేకంగా ఒక చర్చ మొదలుపెట్టండి, అక్కడికి మేమందరం వస్తాం.

లాలాగూడ_రైట్‌హాఫ్
కోచ్‌ను తొందరపడి తీసేస్తే ఏమవుతుందో నా అనుభవం ఒకటి ఉంది. నేను విశ్వవిద్యాలయ జట్టులో ఉన్నప్పుడు మా కోచ్ మా ఆటను మొత్తంగా మార్చడం మొదలుపెట్టారు. అప్పటిదాకా మేము బంతిని బలంగా కొట్టి వెనక పరిగెత్తేవాళ్లం. ఆయన చిన్న పాస్‌లు, త్రికోణాలు నేర్పించారు. మొదటి టోర్నమెంటులో మూడు ఆటలూ ఓడిపోయాం. తిరిగి వచ్చిన వారానికే ఆయనను తప్పించారు. కొత్తగా వచ్చినవారు మళ్లీ బంతిని బలంగా కొట్టమన్నారు. ఆ ఏడాది మాకు రెండు ఆటలూ రాకుండా పోయాయి: పాతది మర్చిపోయాం, కొత్తది అబ్బలేదు. ఆ కోచ్ గారు సామాను సర్దుకుంటూ, తాను రాసుకున్న నోటుపుస్తకం మా గోలీ చేతికి ఇచ్చి వెళ్లారు. మా అందరి పేర్ల కింద ఏయే లోపాలున్నాయో అందులో రాసి ఉంది. నా పేరు కింద ‘వెనక్కి తిరగడం ఆలస్యం’ అని ఉంది. ఎవరూ అంత శ్రద్ధగా నన్ను చూడలేదు, ఆ ముందూ, ఆ తరువాతా.

ఆంట్వెర్ప్_నుంచి
రైట్‌హాఫ్ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఫుల్టన్ గురించి ఇక్కడి వాళ్లు చెప్పేది కూడా ఇలాంటిదే. ఆయన ఐర్లాండ్ పురుషుల జట్టును 2016 రియోకు తీసుకెళ్లినప్పుడు, ఆ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లడం 1908 తరువాత అదే మొదటిసారి. ఆ తరువాత బెల్జియంలో సహాయక కోచ్‌గా ప్రపంచకప్, టోక్యో బంగారం రెండూ చూశాడు. నెమ్మదిగా కట్టే మనిషి. మొన్న ఆయన పాత జట్టే పట్టికలో మన కింద ఉండటం కష్టంగా అనిపించింది.

సీమ_స్టిక్
నెమ్మదిగా కట్టనివ్వండి. కానీ ప్రపంచకప్‌కు నేరుగా బెర్తు దక్కాలంటే సెప్టెంబర్‌లో ఆసియా కప్ గెలవాలి. అక్కడ తప్పితే ఈ మాటలన్నీ ఎవరూ వినరు.

కంకర_గ్రౌండ్ | 8 సెప్టెంబర్ 2025
సీమ_స్టిక్ గారు చెప్పిన రోజు వచ్చింది కాబట్టి మళ్లీ ఇక్కడికే వచ్చాను. నిన్న రాజ్‌గిర్‌లో కొరియాను 4-1తో ఓడించి ఆసియా కప్ గెలిచాం. దిల్‌ప్రీత్ రెండు, సుఖ్‌జీత్ ఒకటి, రోహిదాస్ ఒకటి. 2026 ప్రపంచకప్‌కు అర్హత దక్కింది. మా వీధిలో టపాకాయ కాల్చింది నేనొక్కడినే.

జూన్‌లో నేను అడిగిన ప్రశ్నను మాత్రం వదలలేదు. మొదటి ఆటలో చైనా మనకు మూడు గోల్స్ వేసింది, 4-3తో బయటపడ్డాం. తరువాత జపాన్‌తో 3-2. ఈ రెండు జట్లూ నెదర్లాండ్స్ కావు.

లెక్కల_శారద
ఏడు ఆటల్లో 39 వేసి 9 ఇచ్చాం. కజకిస్తాన్‌తో 15-0ను పక్కన పెడితే 24కు 9. మీరన్న మొదటి రెండు ఆటల్లోనే అయిదు పడ్డాయి. మిగిలిన నాలుగు జట్లు ఆడే సూపర్ ఫోర్ దశ నుంచి చూడండి: కొరియాతో 2-2, మలేసియాతో 4-1, చైనాతో 7-0, ఫైనల్ 4-1. చివరి నాలుగు ఆటల్లో ఇచ్చినవి నాలుగే. పదిరోజుల వ్యవధిలో ఒకే చైనాతో 4-3 నుంచి 7-0కు రావడాన్ని నేను కోచింగ్ కిందే లెక్కవేస్తాను.

ఆంట్వెర్ప్_నుంచి
టీవీలోనే చూశాను కాబట్టి గట్టిగా చెప్పలేను. అయినా ఫైనల్లో ముందు వరుస ప్రెస్‌కు వెళ్లినప్పుడు వెనక వరుస కూడా కలిసి జరగడం రెండు మూడుసార్లు స్పష్టంగా కనిపించింది. జూన్‌లో ఆ ఖాళీ చూసి బాధపడినవాడిని, నిన్న అది మూసుకోవడం చూసి కుర్చీలోంచి లేచాను.

డ్రిల్‌మాస్టారు
ఆసియాలో గెలిచాం, చాలా సంతోషం. ఫైనల్లో నాలుగో గోల్ కార్నర్ మీద రోహిదాస్ వేశాడు, నాయకుడు వేయలేదు. దాన్ని మా పిల్లలకు మూడుసార్లు తిప్పి చూపించాను. తోసిన బంతి ఎక్కడ ఆగిందో గమనించమన్నాను. రేపు పొద్దున్న ఆరున్నరకు సుద్ద గడి మళ్లీ గీస్తున్నాం.